సామర్లకోటనుండి శిబ్‌పూరునకు: విలియం రాక్స్‌బర్గు

తెలుగుదేశపు మెట్టభూములలో, బాటల ప్రక్కన, పశువులు సైతము మూతిపెట్టని ముండ్ల మొక్క యొకటి పెరుగుచుండును. ఆకుల అంచులనిండ ముండ్లు. ఆకు అడుగున తెల్లని నూగు. కొమ్మ చివర చెండువలె గుండ్రని పూగుత్తి. ఆ గుత్తి చుట్టును మరల ముండ్లే. పల్లెప్రజలు దానిని బ్రహ్మదండి యందురు. ఆయుర్వేదమున దానికి ఉష్ట్రకంటకమని పేరు. చూచుటకు ఇంత కఠినముగ నున్నను ఇది చేమంతికి, బంతికి, ప్రొద్దుతిరుగుడునకు దగ్గరి చుట్టము. చేమంతి కుటుంబములో ఒక పూవుగా కంటికి కన్పట్టునది నిజమునకు అనేకములగు చిరుపూవుల సముదాయము. బ్రహ్మదండిలో ఆ ఏర్పాటు మరింత విచిత్రము. ప్రతి చిరుపూవునకును ప్రత్యేకముగ ఒక కవచము. అట్టి కవచధారులనేకములు కూడి ఒక చెండుగ ఏర్పడినవి.

ఈ మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎఖినాప్స్ ఎఖినేటస్. ముండ్లపందిని పోలినదని మొదటి మాటకు గ్రీకుభాషలో భావము. ఆ జాతిపేరు లిన్నేయసు మహాశయుడు పెట్టినది. అందులో మన దేశపు మొక్కను వేరుగ గుర్తించి వర్ణించినవాడు మాత్రము విలియం రాక్స్‌బర్గు. నామకర్తను స్మరించు ఆచారము ననుసరించి, ప్రపంచమున ఏ గ్రంథములో ఆ పేరు అచ్చుపడినను చివర ఆయన పేరును చేర్తురు. భారత వృక్షశాస్త్రమునకు జనకుడని కీర్తింపబడిన ఈ పండితుడు రమారమి పండ్రెండేండ్లు సామర్లకోట ప్రాంతమున, అటుపిమ్మట ఇరువదియేండ్లు కలకత్తా నగరమునకెదుట హుగ్లీనది పడమటి గట్టున గడపెను. ఉద్యోగరీత్యా గోదావరి తీరమువిడిచి గంగాతీరమునకు వచ్చినవారిలో ఆయన తొలితరమువాడని చెప్పవచ్చును.

రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండులోని ఎయిర్‌షైరు మండలమున, క్రేగీ అను గ్రామ ప్రాంతములో జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించెను. ఆ కాలమున మందులలో అధికభాగము మొక్కలనుండి లభించునదియే గనుక వైద్యవిద్యార్థి వృక్షశాస్త్రమును నేర్వక తప్పెడిది కాదు. అచటి ఉద్యానమునకు అధిపతియైన జాన్ హోప్ ఆయనకు గురువయ్యెను. హోప్ శిష్యులు పలువురు ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి ఈ దేశమునకు వచ్చిరి. కంపెనీ నౌకలలో కొంతకాలము వైద్యసహాయకుడుగ పనిచేసిన రాక్స్‌బర్గు 1776లో మద్రాసునందు సహాయ శస్త్రవైద్యుడుగ నియమింపబడెను.

మద్రాసులో అడుగిడిన తోడనే ఆయన గాలి, వాన, ఎండల లెక్కలు వ్రాయ మొదలిడెను. ఆ దినచర్య లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటితమయ్యెను. ఉన్నదున్నట్లు ప్రతిదినము వ్రాసియుంచుట అను ఈ అలవాటు ఆయన జీవితమంతటను వీడలేదు. దక్షిణదేశముననే ఆయనకు యోహాన్ కొయెనిగ్ స్నేహము లభించెను. కొయెనిగ్ స్వయముగ లిన్నేయసు శిష్యుడు. డేనిష్‌వారి తరంగంబాడికి వచ్చి, పిదప మద్రాసు ప్రభుత్వమునకు ప్రకృతిశాస్త్రజ్ఞుడైనవాడు. ఆయన 1785లో కాకినాడయందలి జగన్నాథపురములో తుదిశ్వాస విడిచెను. అంతిమ రోగశయ్యపైనున్న ఆ వృద్ధమిత్రునకు వైద్యసహాయము చేసినవాడు రాక్స్‌బర్గే.

1781 ప్రాంతమున రాక్స్‌బర్గునకు సామర్లకోటకు బదిలీ అయ్యెను. అచటి కోటలోని దండునకు వైద్యముచేయుట ఆయన ఉద్యోగము. రోగులను చూడగా మిగిలిన వేళలన్నియు మొక్కలకే అంకితమయ్యెను. అచట ఒక తోటను పెంచి అందు కాఫీ, దాలుచిన, జాజికాయ, జాబరా, పనస జాతికి చెందిన సీమపనస మున్నగు పరదేశపు మొక్కలను నాటి పరీక్షించెను. ఉత్తరపు కొండలలో అడవిమిరియపు తీగలు పెరుగుచుండుట కనుగొని వాటిని తెప్పించి తోటలో పాకించెను. రాజమహేంద్రవరపు సర్కారులో రైతులు చెరకు నాటు విధము, గానుగ ఆడు విధము, బెల్లము వండు విధము శ్రద్ధగ గమనించి ఒక వ్యాసము వ్రాసెను. ఆ వ్యాసమున ఆయన ఉపాధ్యాయుడు కాడు. గోదావరి మండలపు రైతే ఉపాధ్యాయుడు, ఆయన విద్యార్థి.

ఇట్లు ఆరేండ్లు కూడబెట్టిన సంపద యంతయు ఒక్కనాడు నీటిపాలయ్యెను. 1787వ సంవత్సరము మే మాసమున కోరంగి తీరముపై పెనుతుఫాను విరుచుకొనిపడెను. సముద్రము పొంగి ఊళ్లమీదికి వచ్చెను. వేలకొలది ప్రజలు మరణించిరి. కోరంగికి సమీపముననే ఉన్న ఇంజరములో రాక్స్‌బర్గు ఉంచిన ఎండుమొక్కల సేకరణము, పుస్తకములు, వ్రాతప్రతులు ఆ ఉప్పెనలో కొట్టుకొనిపోయెను. దాదాపు ముప్పదియారేండ్ల వయసున, స్వదేశమునకు వేలమైళ్ల దూరమున, తన పనికి సాక్ష్యమనదగిన కాగితము చేతలేక ఆయన నిలువవలసివచ్చెను. అట్టిచో మానుకొన్నను నిందించువారుండరు. ఆయన మరల మొదటి మొక్కనుండి ఆరంభించెను.

ఆ ఉప్పెన గడచి మూడేండ్లు తిరుగకముందే ఉత్తర సర్కారులను కరవు క్రమ్ముకొనెను. 1790 మొదలు 1792 వరకు వానలు కురియక పల్లెలు పాడుపడెను. రాక్స్‌బర్గు వానలెక్కలు వ్రాసినవాడు గనుక ఆ లోటు ఎంతటిదో ఎరిగియుండెను. ఇట్టి కరవే నూరేండ్లకు పూర్వమును సంభవించినదని స్థానిక జమీందారీ దస్త్రములవలన తెలిసికొనెను. ఒకసారి వచ్చినది మరల రాకమానదు గనుక, వరిపైరు నొక్కదానినే నమ్ముకొనక, కాలువగట్లమీదను బాటల ప్రక్కలను కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటివంటి చెట్లను విరివిగ నాటించినచో అనావృష్టి దినములలో ప్రాణములు నిలుపుకొనుటకు కొంత ఆధారముండునని మద్రాసువారికి సూచించెను. కంపెనీవారికి ఆయన మొక్కలలో కావలసినది వర్తకలాభము. ఆయనయు ఆ కొలువులోని వాడే. మిరియము, నీలిమందు, పట్టు అనునవి ఆయన లెక్కలలోను ప్రధానముగ కన్పట్టును. అయినను ఆకలిగొన్నవానికి ఏ చెట్టు అన్నము పెట్టుననునది ఆయన విడువక వేసికొన్న ప్రశ్నలలో నొకటి.

ఈ కాలముననే ఆయన పేరును చిరస్థాయిగ నిలిపిన గ్రంథమునకు పునాది పడెను. మద్రాసు ప్రభుత్వమునకు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ నుండిన పాట్రిక్ రస్సెల్ సలహాపై, ఈ తీరమున ప్రయోజనకారులగు మొక్కలను చిత్రించి వర్ణించు ప్రయత్నము ప్రారంభమయ్యెను. రాక్స్‌బర్గు దేశీయ చిత్రకారులను కుదుర్చుకొని, మొక్కను ఎదుటనుంచుకొని వ్రాయుట వారికి నేర్పెను. ఆకు, పూవు, కాయ, గింజ, పూవును విప్పి చూపిన భాగములు అన్నియు ఒకే పుటమీదికి వచ్చెను. ఆ చిత్రములు వందలకొలదిగ లండనుకు పోయెను. అచట సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున 300 చిత్రములు ఎన్నుకొనబడి, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథముగ వెలువడెను.

ఆ పుటలను త్రిప్పిన తెలుగువానికి పరాయిదేశపు గ్రంథము చదివినట్లుండదు. బురదనీటిని తేర్చు చిల్లగింజ అందు కలదు. మచిలీపట్టణపు అద్దకపువారు బట్టకు ఎరుపెక్కించిన చిరివేరు కలదు. అగ్గివలె పూయు మోదుగు కలదు. బీడీలకు ఆకునిచ్చు తుమికి కలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు కర్రనిచ్చు అంకుడు చెట్టు ఆకులనుండి నీలిమందు తీయవచ్చునని ఆయన ప్రయోగములు చేసి చూపెను. అన్నిటికంటె ముఖ్యముగ చెప్పదగినది, శాస్త్రనామములతోపాటు తెలుగువారి పేర్లనుకూడ ఆయన అడిగి తెలిసికొని వ్రాసియుంచెను. ఆయన వ్రాతలలో తెలింగ భాషయని పేర్కొనినది మన తెలుగే.

ఒక దేశపు మాట శాస్త్రములోనికి ఎట్లు ప్రవేశించునో తెలుపుటకు సోమిద చెట్టు చక్కని నిదర్శనము. ఆ కాలమున చలిజ్వరములకు మందు సింకోనా చెట్టు బెరడు. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములనుండి రావలసినది, ఖరీదైనది. రాజమహేంద్రవరపు కొండలలో పెరుగు సోమిద బెరడు దానికి బదులుగ ఉపకరించునేమోయని రాక్స్‌బర్గు పరీక్షించి, ఆ చెట్టును వర్ణించి ప్రకటించెను. ఆయన దానిని మహాగని జాతిలో చేర్చెను. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడ్రియన్ ద జుస్సియ దానిని ప్రత్యేకజాతిగ విడదీసి, తెలుగు పేరునే గ్రహించి సోయ్మిడా యని నామకరణము చేసెను.

ఈ అడ్రియన్ తండ్రి ఆంత్వాన్ లోరాన్ ద జుస్సియ. ఆయన 1789లో, రాక్స్‌బర్గు సామర్లకోటలో మరల మొక్కలు కూర్చుకొనుచున్న దినములలోనే, ఆండీస్ పర్వతములపై పెరుగు ఒక ముండ్లపొదల జాతికి అచటి ప్రజల మాటనే నిలిపి చుకిరాగా యని పేరిడెను. అదియు చేమంతి కుటుంబములోనిదే. పండ్రెండువేల అడుగులకు పైబడిన చలిగాలులలో, సూదులవంటి కటువైన ఆకులతో, నారింజవన్నె పూవులతో ఆ పొదలు నిలుచును. ఆ ఎత్తులయందు హమ్మింగు పిట్టలకు అవి తేనె నిచ్చును. అచటి ప్రజలు దానిని జ్వరములకు మందుగ వాడుదురు. ఇట్లు తండ్రి చేతిమీదుగ ఆండీస్ ప్రజల మాట యొకటి, కొడుకు చేతిమీదుగ తెలుగుమాట యొకటి శాస్త్రమున శాశ్వతస్థానము పొందెను. రెండవదానికి మూలము సామర్లకోట వైద్యుని వ్రాతప్రతి. ఆయన ఆ పేరును అడిగి వ్రాసికొనకున్నచో ఆ మాట కొండదిగియుండెడిది కాదు.

వాడుకపేర్లు మాత్రమే చాలవన్న సంగతియు ఆయన ఎరుగనిది కాదు. ఇందుకు బ్రహ్మదండియే ఉదాహరణము. అమెరికానుండి వచ్చి మన బీడులలో స్థిరపడిన, పసుపుపూవుల ముండ్లమొక్క మరియొకటి కలదు; అది గసగసాల కుటుంబములోనిది. దానినికూడ తెలుగునాట బ్రహ్మదండియనియే పిలుతురు. దాని గింజలనూనె విషము. పేరొక్కటే విని మందు నూరినచో ప్రాణహాని కలుగవచ్చును. అందువలన ప్రజలపేరును విడువరాదు, దానితోనే ఆగరాదు. మొక్కను విప్పిచూచి, కొలిచి, చిత్రించి, ఆ పేరు దేనికి చెందునో స్థిరపరుపవలెను. రాక్స్‌బర్గు జీవితమంతటను చేసిన పని యిదియే.

1793లో ఆయన కలకత్తాకు వచ్చెను. శిబ్‌పూర్ ఉద్యానము 1787లో కర్నల్ రాబర్టు కిడ్ సూచనపై స్థాపింపబడినది. 1793లో కిడ్ మరణింపగా, ఆ తోటను పూర్తికాలము నడుపుటకు నియమితుడైన మొదటి వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గు. నదియొడ్డున ఆయన కట్టించిన ఇల్లు ఆయన పేరుననే ప్రసిద్ధమయ్యెను. నౌకలు వచ్చిన ప్రతి దిక్కునుండి విత్తులు తెప్పించుట, వచ్చినవాటిని మొలిపించుట, మొలిచినవాటిని దేశమంతటను పంచుట ఆయన నిత్యకృత్యములు. టేకు నాటించెను. చైనాదేశపు చెరకును తెప్పించి దానిని వేరుజాతిగ వర్ణించెను. బంగాళమున రైతులు పెంచుకొను జనపనారను ఇతర నారలతో పోల్చి బలమును పరీక్షించి, నమూనాలను ఇంగ్లండుకు పంపెను. ఆ పరీక్షలకు అరువదియేండ్ల పిమ్మట హుగ్లీ తీరమున జనపనార మిల్లులు లేచెను. ఆ మిల్లులలో పనికై గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలది తెలుగు కుటుంబములు వచ్చి నదికి ఇరుప్రక్కల నివాసమేర్పరచుకొనెను. కోరంగి తీరపు వైద్యునికిని శ్రీకాకుళపు కార్మికునికిని నడుమ ఇట్టి బంధ మొకటి కలదు.

1810లో జరిగిన చిన్న సంఘటన ఆయన చూపు ఎంత సూక్ష్మమో తెలుపును. సిల్హెట్టునుండి ఆయనకు తేనె నింపిన బుట్ట యొకటి వచ్చెను. ఆయన దృష్టి తేనెమీద నిలువలేదు. అల్లిక బుట్టలో తేనె కారకుండ నిలుచుట ఎట్లని పరీక్షింపగా, లోపల రబ్బరు పూతయున్నదని తేలెను. ఆ పాలు ఏ చెట్టువో విచారించి తెలిసికొని దానిని వర్ణించెను. ఇండ్లముందు కుండీలలో నేడు అలంకారముగ పెంచుకొను రబ్బరుమర్రి ఆ చెట్టే.

చేమంతి కుటుంబమును ఆయన మరువలేదు. విశాఖ మన్యములో, అరకు కొండలయందు, శీతకాలారంభమున పసుపుపచ్చని తివాచీ పరచినట్లు పూయు వలిసెల పైరును ఆయన వర్ణించెను. ఆఫ్రికాలోని ఇథియోపియా పర్వతభూములనుండి ఏనాడో వచ్చి మన కొండజాతులకు నూనె నిచ్చిన పంట యది. గర్వించి చూపుటకు తోటలో ఎన్నియో అపురూపపు పూవులుండగా, కొండరైతు చేలోని వలిసెకును, బీటలువారిన బీడులోని బ్రహ్మదండికిని ఆయన గ్రంథములో సమానమైన శ్రద్ధ లభించెను.

శ్రీరామపురములోని మిషనరీ విలియం కేరీతో ఆయనకు గాఢమైన స్నేహమేర్పడెను. కేరీకిని తోటపని ప్రాణము. ఆయన పేర రాక్స్‌బర్గు ఒక వృక్షజాతికి కేరియా యని పేరుపెట్టెను. తెలుగులో కుంభి యనబడు చెట్టు ఆ జాతిలోనిదే. ఈ స్నేహమే తుదకు రాక్స్‌బర్గు కృషిని కాపాడినది.

1813 నాటికి ఆయన ఆరోగ్యము పూర్తిగ క్షీణించెను. తన వ్రాతప్రతులను కేరీ చేతిలో పెట్టి ఆయన కలకత్తా విడిచెను. మార్గమధ్యమున అట్లాంటిక్ మహాసముద్రములోని సెయింట్ హెలీనా ద్వీపములో ఆగవలసివచ్చెను. విశ్రాంతికై ఆగిన రోగి అచటకూడ ఊరకుండక, 1813, 1814 సంవత్సరములలో ఆ ద్వీపమునందలి మొక్కల జాబితా వ్రాసెను. ఆ ద్వీపపు గట్లమీద వింతయొకటి ఆయన చూచెను. మనకు ఎక్కువగ చిన్నమొక్కలుగనే కన్పట్టు చేమంతి కుటుంబము అచట చెట్లై నిలిచియున్నది. జిగురు కారు ఆ చేమంతిచెట్టును ఆయన వర్ణించి పేరిడెను. నావికుల వంటచెరకునకు, మేకల నోటికి ఆ అడవులు అప్పటికే తరుగుచుండెను. సామర్లకోట బీడులో ముండ్లచేమంతితో సాగిన చూపు, సముద్రమధ్యమున చేమంతి మానుతో ముగిసెను.

1815లో రాక్స్‌బర్గు ఎడింబరో నగరమున మరణించెను. తాను వ్రాసిన మహాగ్రంథము అచ్చులో చూచుటకు ఆయన నోచుకొనలేదు. అంతకు ముందేడు శిబ్‌పూర్ తోటలోని సుమారు 3,500 రకముల మొక్కల జాబితాను కేరీ శ్రీరామపురములో ముద్రించెను. ఫ్లోరా ఇండికా యను ప్రధానగ్రంథము రెండు సంపుటములు 1820, 1824లలో, ఆయన తరువాత ఉద్యానాధిపతియైన నథానియల్ వాలిక్ చేర్పులతో వెలువడి అర్ధాంతరముగ నిలిచిపోయెను. పదునేడేండ్లు వ్రాతప్రతి పెట్టెలో నుండగా, ఆయన కనుగొన్న మొక్కలు కొన్నిటికి ఇతరుల పేర్లు నిలిచిపోయెను. తుదకు 1832లో ఆయన కుమారులగు బ్రూస్, జేమ్సుల పూనికవలన, వృద్ధుడైన కేరీ మూడు సంపుటములుగ గ్రంథమును సమగ్రముగ ప్రకటించెను. మూడవ సంపుటములో బ్రహ్మదండి కలదు. ఒకసారి సముద్రమునకు, మరియొకసారి కాలవిలంబమునకు బలికాబోయిన కృషి ఇట్లు నిలిచినది.

ఆయన జీవితమున ఒక లోటును చెప్పక తప్పదు. రెండున్నరవేలకు పైబడిన ఆ వర్ణచిత్రములను వ్రాసిన దేశీయ చిత్రకారుల పేర్లు ఆ పుటలమీద లేవు. మొక్కలను చూపిన కొండవారి పేర్లు, మందుగుణములను చెప్పిన పల్లెవైద్యుల పేర్లు లేవు. మొక్కలపేర్లను అంత జాగ్రత్తగ అడిగి వ్రాసినవాడు వాటిని చెప్పినవారి పేర్లను వ్రాయలేదు. అది ఆ కాలపు కొలువుల తీరు. అయినను వారి మాటలు మిగిలినవి. చిల్లగింజ యని, సోమిద యని పలికిన పెదవులు మట్టిలో కలిసినను, ఆ పలుకులు అచ్చులో నిలిచియున్నవి.

శిబ్‌పూర్ తోటకు 2009లో ఆచార్య జగదీశచంద్ర బోసు పేరు పెట్టబడినది. ఆ తోటలో రాక్స్‌బర్గు స్మారకమున్నది. ఆయన చిత్రముల మూలప్రతులు అచటనే భద్రపరుపబడియున్నవి. తెలుగు కుటుంబములు సెలవుదినమున పిల్లలతో ఆ తోటకు పోయి మహావటవృక్షమును చూచి మరలుట కద్దు. మహావటముతోపాటు, పలకలమీద చెట్లపేర్ల చివరనుండు ఆ చిన్న సంక్షిప్తనామమునుకూడ పిల్లలకు చూపదగును. అది కనబడినచోట ఆ చెట్టుకు తెలుగు పేరేమని వారిని అడుగదగును. వారికి తెలియనిచో పెద్దలు చెప్పవలెను. పెద్దలకును తెలియనిచో, రెండువందల యేండ్లక్రిందట ఒక స్కాట్లండు వైద్యుడు మన తాతలనడిగి వ్రాసికొన్న గ్రంథమును విప్పి, మన మాటను మనమే మరల నేర్చుకొనవలసియుండును.